గణకయంత్రరక్షణమున వ్యాప్తిపరీక్ష

భూయోదర్శనమాత్రమున వ్యాప్తి సిద్ధింపదని నైయాయికులు పలుకుదురు. పొగ యున్నచోట నిప్పుండుటను వేయి తావుల చూచినను, నిప్పు లేనిచోట పొగ ఒక్కమారు కానవచ్చెనేని ఆ వ్యాప్తి భంగమగును. గణకయంత్రరక్షాశాస్త్రమున ఈ విషయమును విశదపరచు వృత్తాంతమొకటి కలదు.

దూరస్థులైన ఇరువురు యంత్రమార్గమున ఒకరినొకరు నిశ్చయముగా గుర్తించుటకు 1978లో రోజర్ నీధామ్, మైకేల్ ష్రోడర్ అను విద్వాంసులు ఒక సంవాదనియమమును ప్రకటించిరి. ఇట్టి నియమమునే ప్రోటోకాల్ అందురు. ఇందు ప్రతివానికిని రెండేసి కుంచికలు, అనగా తాళపుచెవులు, ఉండును. ప్రకటకుంచిక ఎల్లరకు తెలిసినది. దానితో ఎవరైనను సందేశమును మూయవచ్చును. గుప్తకుంచిక సొంతదారుని యొద్దనే యుండును. తెరచుటకు అదియే సాధనము.

శాస్త్రసంప్రదాయము ననుసరించి ఆ ఇరువురిని దేవదత్తుడు, యజ్ఞదత్తుడు అనుకొందము. దేవదత్తుడు తన పేరును, అప్పటికప్పుడు కల్పించిన ఒక సంఖ్యను యజ్ఞదత్తుని ప్రకటకుంచికతో మూసి పంపును. యజ్ఞదత్తుడు ఆ సంఖ్యకు తన సంఖ్యను చేర్చి దేవదత్తుని కుంచికతో మూసి పంపును. దేవదత్తుడు ఆ రెండవ సంఖ్యను మరల యజ్ఞదత్తుని కుంచికతో మూసి పంపును. తెరువగలవాడే సంఖ్యను తిరిగి చెప్పగలడు గాన పరస్పరనిశ్చయము కలుగునని వారి ఆశయము.

1989లో బరోస్, అబాది, నీధామ్ రచించిన తర్కపద్ధతి ఈ నియమమును పరీక్షించినను, ఈ మూడు సందేశములలోని వంచనావకాశము బయటపడలేదు. పాత్రధారులు రహస్యమును పొక్కనీయరనుట ఆ పద్ధతికి అభ్యుపగమము. 1983లో డోలెవ్, యావో అను వారు కల్పించిన ప్రతిరూపము ఇంతకంటె కఠినమైనది. అందు మార్గమంతయు శత్రువు వశము. అతడు నియమమెరిగిన సభ్యుడే కావచ్చును. గుప్తలిపిని భేదించుట మాత్రము అతనికి అసాధ్యము.

1995లో ఆక్స్‌ఫర్డు విద్వాంసుడు గావిన్ లో ఇట్టి శత్రువును లెక్కలోనికి తీసికొని వ్యభిచారమును చూపెను. దేవదత్తుడు చైత్రునితో సంవాద మారంభించెననుకొందము. కపటియైన చైత్రుడు ఆ సందేశమును తెరచి, యజ్ఞదత్తుని కుంచికతో మరల మూసి, దేవదత్తుని పేర పంపును. యజ్ఞదత్తుని ప్రత్యుత్తరమును తాను తెరువలేడు. కావున దేవదత్తునికే అందించును. దేవదత్తుడు అది చైత్రుని సందేశమే యని నమ్మి, అందలి సంఖ్యను చైత్రుని కుంచికతో మూసి పంపును. చైత్రుడు దానిని తెరచి యజ్ఞదత్తునికి చేర్చును. యజ్ఞదత్తుడు తాను దేవదత్తునితోనే మాటలాడుచున్నానని భ్రమించును. యజ్ఞదత్తుని స్థానమున బ్యాంకు ఉన్నచో ఒకని సొమ్ము వేరొకని పాలగును. ఇందు ఏ తాళమును పగులలేదు. ఏ కుంచికయు దొంగిలింపబడలేదు.

ప్రతీకారము స్వల్పము. రెండవ సందేశమున ప్రత్యుత్తరమిచ్చువాడు తన పేరును చేర్చిన చాలును. చైత్రుని నుండి రావలసిన సందేశమున యజ్ఞదత్తుని పేరు కనబడగనే దేవదత్తుడు విరమించును.

1996లో లో పండితుడు హోర్ రచించిన సి.ఎస్.పి. భాషలో నియమమును వర్ణించి, ఎఫ్.డి.ఆర్. అను పరీక్షాయంత్రముచే ఈ దోషము కనుగొనబడిన విధమును వివరించెను. దిద్దిన నియమమున, కొలదిమంది గల చిన్న వ్యవస్థలో, ఆ యంత్రమునకు దోషము కానరాలేదు. ఆయన అంతటితో తృప్తినొందలేదు. చిన్న వ్యవస్థ నిర్దోషమైనచో ఎంత పెద్ద వ్యవస్థయైనను నిర్దోషమే యని వేరుగా ఉపపాదించెను. ఈ ఉపపాదనమే భూయోదర్శనమునకును వ్యాప్తికిని గల అంతరము.

ఈ సిద్ధాంతము సైతము గుప్తలిపి అభేద్యమను అభ్యుపగమమునకు లోబడినదే. పదునేడేండ్లు దోషము కానరాకుండుట దోషాభావమునకు ప్రమాణము కాలేదు. కావున ఒక వ్యవస్థ సురక్షితమని వినినపుడు, ఎట్టి శత్రువును ఊహించి ఆ మాట చెప్పబడెనో మొదట విచారించుట పరీక్షకుని కర్తవ్యము.