మీకు తెలుసా? లావా కొండల్లో పుట్టిన మూసీ

హైదరాబాద్ పాతబస్తీని ఒరుసుకుంటూ పారే మూసీ నది పుట్టింది ఒకప్పటి లావా మీద! వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కన్‌ను ముంచెత్తిన లావా పొరలే. నల్లటి బసాల్ట్ రాయి ఎండావానలకు మాగి, పైన ఎర్రటి జేగురు రాయిగా మారింది. నది కిందికి వచ్చేసరికి నేలే మారిపోతుంది: చార్మినార్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్.

నగరం నుంచి ట్రెకింగ్‌కు వెళ్లేవాళ్లు అనంతగిరిలో నడిచేది ఆ జేగురు మట్టి మీదే, మోదుగ, తునికి చెట్ల నీడలో. వేసవిలో ఆకు రాల్చే ఈ అడవిని పచ్చగా చూడాలంటే వానాకాలంలోనో, అది ముగియగానేనో వెళ్లాలి. అనంత పద్మనాభస్వామి గుడి కూడా ఈ కొండల మీదే ఉంది.