గర్భిణి హక్కు
విడాకులు పొందిన భార్య గర్భవతియైతే, ప్రసవించేవరకు ఆమె పోషణభారం భర్తదేనని దివ్యఖుర్ఆన్ (65:6) ఆదేశిస్తున్నది. విడిపోయిన స్త్రీకే ఇంతటి హక్కుంటే, ఇంట్లోని ఇల్లాలి సంగతి వేరే చెప్పాలా? అయినా అనేక ఇళ్లలో అందరూ తినగా మిగిలినదే ఆమె వంతవుతున్నది.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతే. దానివల్ల నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, శిశువు 2.5 కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు. అటువంటి బిడ్డకు అంటురోగాల ముప్పు అధికం.

ఆకుకూర, పప్పు, గుడ్డు, మాంసం ముందుగా ఆమెకే వడ్డించండి. ఐరన్ మాత్రను టీతో ఇవ్వకండి. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు. తనకుగాని బిడ్డకుగాని హాని కలుగుతుందని భయమున్నప్పుడు రమజాన్ ఉపవాసాలను వాయిదా వేసుకొనే సడలింపును షరీఅత్ ఆమెకు ఇచ్చింది. దాన్ని వినియోగించుకొన్న స్త్రీని నిందించరాదు.

సోదరులారా! కడుపులోని బిడ్డ అల్లాహ్ అప్పగించిన అమానత్. దాన్ని కాపాడే బాధ్యత తల్లి ఒక్కతెదే కాదు.