కదలని సైకిలు ఎక్కడికి పోతుంది?

స్టాండు వేసిన సైకిలెక్కి తొక్కని వాళ్ళు మనలో అరుదు. వెనుక చక్రం గిర్రున తిరుగుతుంది, సైకిలు మాత్రం ఒక్క అంగుళం కూడా కదలదు. కాళ్ళకూ పెద్ద శ్రమ ఉండదు. కాని అదే సైకిలుకు పాతకాలపు డైనమో ఉండి, దాన్ని టైరుకు ఆనించామనుకోండి. లైటు వెలుగుతుంది. ఆ క్షణం నుంచే పెడలు కాస్త బరువెక్కుతుంది. లైటుకు కావలసిన శక్తి ఊరికే రాదు గదా, మన కాళ్ళే ఇవ్వాలి!

ఇప్పుడు కొన్ని ఇళ్ళలోనూ వ్యాయామశాలల్లోనూ కనిపిస్తున్న 'ఇండోర్ ట్రైనర్' అనే సాధనానికి మూలం ఈ చిన్న విషయమే. సైకిలు వెనుక చక్రం విప్పేసి, చెయినును ఒక యంత్రానికి తగిలిస్తారు. ఎదురుగా ఫోనో టీవీయో ఉంటుంది. దాని తెర మీద ఒక బొమ్మ మనిషి మనం తొక్కినకొద్దీ ముందుకు సాగుతుంటాడు. అతనికి కొండ ఎదురైతే ఇక్కడ మన పెడలు బరువెక్కుతుంది. ఈ తతంగమంతా నడిపించేది ఫోనులోని యాప్. అందులోనే మరో మీట నొక్కితే దండీలు, బస్కీలు చేయించే గురువు ప్రత్యక్షమవుతాడు. ఇంకొకటి నొక్కితే యోగాసనాలు మొదలవుతాయి. ఏది చేసినా చివరన యాప్ ఒకే తీరుగా ఒక అంకె చూపిస్తుంది: ఇన్ని కేలరీలు ఖర్చయ్యాయి అని.

మరి ఆ మూడు అంకెలనూ ఒకే విధంగా నమ్మవచ్చునా? యంత్రం లోపలికి తొంగి చూస్తే గాని చెప్పలేం.

ట్రైనరు లోపల ఒక బరువైన లోహచక్రం ఉంటుంది. దాని పక్కన విద్యుదయస్కాంతాలు ఉంటాయి. చక్రం వాటిని ఎక్కడా తాకదు, అయినా అవి దాన్ని ఆపబోతాయి. ఎలాగంటారా? అయస్కాంత క్షేత్రంలో లోహం కదిలితే ఆ లోహంలో విద్యుత్తు పుడుతుంది. తీగ లేదు కనుక అది నీటిలోని సుడుల్లాగా లోహంలోనే గుండ్రంగా తిరుగుతుంది. ఈ సుడి విద్యుత్తు, తన పుట్టుకకు కారణమైన కదలికనే ఎదిరిస్తుంది. మీరు పాఠంలో చదివే లెంజ్ నియమం ఇదే. రాగి బిళ్ళను అయస్కాంత ధ్రువాల మధ్య తిప్పితే అది వేడెక్కుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో 1855లోనే గమనించాడు. డెన్మార్క్‌కు చెందిన ఆగస్ట్ క్రోగ్ 1913లో విద్యుదయస్కాంతపు బ్రేకు ఉన్న సైకిలు ఒకటి తయారుచేసి, కండరాల శ్రమను దానితో కొలిచాడు. ఈయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది, వేరే పరిశోధనకు లెండి. ఈనాటి ట్రైనరు ఆ సైకిలుకు మనుమరాలు. అయస్కాంతాలకు కరెంటు పెంచితే పెడలు బరువు, తగ్గిస్తే తేలిక. ఆ పెంచడం తగ్గించడం యాప్ చూసుకుంటుంది.

ఇక కొలత సంగతి. సెకనుకు ఒక జౌలు పని జరిగితే ఒక వాట్ సామర్థ్యం. పెడలు మీద ఎంత బలంతో తొక్కుతున్నామో, ఎంత వేగంగా తిప్పుతున్నామో తెలిస్తే వాట్లు తెలిసిపోయినట్లే. వేగం లెక్కించడం సులువు. బలం తెలుసుకోవడానికి 'స్ట్రెయిన్ గేజ్' అనే సన్నని లోహపు రేకును వాడతారు. ఎంత గట్టి ఉక్కయినా తొక్కినప్పుడు కంటికి కనిపించనంతగా వంగుతుంది. దానికి అంటించిన రేకు సాగి, విద్యుత్ నిరోధం రవ్వంత మారుతుంది. ఆ మార్పును కొలిస్తే బలం తెలుస్తుంది. జర్మన్ ఇంజనీరు ఉల్‌రిచ్ షోబరర్ 1986లో సైకిలు క్రాంకులోనే ఈ ఏర్పాటు చేశాడు. కొన్ని ట్రైనర్లు ఈ రేకునే వాడతాయి. మరికొన్ని అయస్కాంతానికి ఇచ్చిన కరెంటును బట్టి లెక్క కడతాయి.

వాట్లు తెలిశాక బొమ్మ మనిషి వేగం ఎంతో తేల్చేది భౌతికశాస్త్రమే. మీ అన్న బరువు 60 కిలోలు, సైకిలు బరువు 12 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, గాలినీ టైర్ల రాపిడినీ పక్కన పెట్టినా, సుమారు 98 వాట్లు కావాలి. మీరే వేసి చూడండి: సెకనుకు 2.78 మీటర్ల ప్రయాణం, అందులో పైకి లేచేది 0.139 మీటర్లు. దాన్ని 72తోనూ 9.8తోనూ హెచ్చించాలి. ఇప్పుడు మీ అన్న యాప్‌లో తన బరువు 48 కిలోలని రాశాడనుకోండి. అవే 98 వాట్లకు బొమ్మ మనిషి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో కొండెక్కేస్తాడు! యంత్రం వాట్లను కొలుస్తుంది గాని మనిషిని తూచదు. 2020 డిసెంబరులో ఈ తెర సైకిళ్ళకు మొట్టమొదటి ప్రపంచ పోటీ జరిగింది. సైక్లిస్టులు ఎవరి ఊళ్ళో వాళ్ళుండే పాల్గొన్నారు. పురుషులలో గెలిచిన జర్మనీ యువకుడు జేసన్ ఆస్బర్న్ అసలు పడవ పందేలవాడు. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో పడవ మీదే రజతం తెచ్చుకున్నాడు. ఇలాంటి పెద్ద పోటీల్లో తమ బరువును వీడియో ముందు తూచి చూపాలని నియమం పెట్టడానికి కారణం ఏమిటో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

యాప్‌లో ఇంకో పద్ధతి ఉంది. "150 వాట్లు తొక్కు" అని అది పట్టుబడుతుంది. నిమిషానికి 90 సార్లు తిప్పుతున్నవాడు అలసి 45కు దిగాడనుకోండి. వాట్లు తగ్గకూడదు కనుక యంత్రం పెడలు బరువును రెట్టింపు చేస్తుంది. బరువు పెరిగితే మనిషి ఇంకా నెమ్మదిస్తాడు. నెమ్మదిస్తే యంత్రం ఇంకా బిగిస్తుంది. కాసేపటికి పెడలు గోడలా నిలబడిపోతుంది. రోడ్డు మీదయితే అలసినవాడు గేరు మార్చుకుంటాడు, లేకపోతే దిగి నడిపించుకుంటూ పోతాడు. ఈ యంత్రానికి ఆ దయ లేదు. అప్పుడు చేయవలసింది తొక్కడం ఆపెయ్యడమే. అందులో ఓటమి ఏమీ లేదు.

ఇప్పుడు కేలరీల లెక్కకు వద్దాం. 150 వాట్ల చొప్పున అరగంట తొక్కితే జరిగిన పని 270 కిలోజౌళ్ళు. కాని మన శరీరం కూడా ఒక ఇంజను వంటిదే. తిన్న తిండిలోని శక్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే పెడలుకు చేరుతుంది. 24 శాతం అనుకుంటే మొత్తం ఖర్చు 1125 కిలోజౌళ్ళు, అంటే సుమారు 269 కిలోకేలరీలు. పనిని జౌళ్ళలో చెప్పినా ఖర్చును కేలరీలలో చెప్పినా అంకె దాదాపు ఒకటే వచ్చింది! ఒక కేలరీకి 4.18 జౌళ్ళు, మన దక్షత నాలుగో వంతు. రెండూ కాకతాళీయంగా కొట్టుకుపోయాయి, అంతే. అసలైన కొలత మీద ఆధారపడింది కనుక సైకిలు కేలరీలను చాలా వరకు నమ్మవచ్చు.

మిగిలిన 855 కిలోజౌళ్ళు ఏమైనట్లు? వేడి అయిపోయాయి. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే 60 కిలోల మనిషి ఒంటి వేడి అరగంటలో సుమారు 4 సెంటీగ్రేడ్ డిగ్రీలు పెరుగుతుంది. అంటే 37 నుంచి 41కి! ఇది ప్రాణాపాయం. మనల్ని కాపాడేది చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడిని మోసుకుపోతుంది. వేడినంతా చెమటే మోయాలంటే 350 గ్రాములకు పైగా ఆవిరి కావాలి. ఇక్కడ ముఖ్యమైనది 'ఆవిరి కావడం'. నేల మీదికి కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. రోడ్డు మీద సైకిలు తొక్కేవాడికి ఎదురుగాలి తానే విసనకర్ర. గదిలో కదలని సైకిలుకు ఆ గాలి లేదు. అందుకే బయట హాయిగా తొక్కిన వేగమే గదిలో ఊపిరాడనివ్వదు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు చర్మం కన్నా గాలే వేడిగా ఉంటుంది. అప్పుడు వేడి బయటికి పోకపోగా లోపలికి వస్తుంది. సముద్రతీరపు ఉక్కపోతలో చెమట ఆరదు. కాని యాప్‌కు ఇవేవీ తెలియవు. డిసెంబరు ఉదయం మీ అన్న తొక్కగలిగిన వాట్లను అది గుర్తు పెట్టుకుని, మే మధ్యాహ్నం కూడా వాటినే అడుగుతుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను ఎదురుగా పెట్టుకుని, నీళ్ళు దగ్గరుంచుకుని, చల్లని వేళల్లోనే తొక్కాలి. కళ్ళు తిరిగినా, వాంతి వచ్చేట్టున్నా, గుండెలో నొప్పి అనిపించినా తెర మీద ఎన్ని నిమిషాలు మిగిలాయో చూడకుండా దిగి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పాలి.

గుండె వేగాన్ని కొలిచే చేతి గడియారాలు వచ్చాయి గదా అంటారేమో. అవి చర్మం మీదికి ఆకుపచ్చ కాంతిని పంపి, రక్తం పీల్చుకోగా తిరిగి వచ్చిన కాంతిని బట్టి నాడిని లెక్కిస్తాయి. మంచి ఉపాయమే. అయితే గుండె వేగానికి పై హద్దు ఎంతో చెప్పడానికి చాలాచోట్ల 220లోంచి వయసు తీసివేసే సూత్రం వాడతారు. అది పెద్దల సగటును బట్టి అల్లినది. బడి పిల్లలకు సరిగా నప్పదు.

ఇక బస్కీలు. ఇక్కడ యాప్ కొలవదు, లెక్కపెడుతుంది, అంతే. మీ అన్న ఒక్కసారి కూర్చుని లేస్తే సుమారు 50 కిలోల బరువు 40 సెంటీమీటర్లు పైకి లేస్తుందనుకుందాం. పని 196 జౌళ్ళు. 20 బస్కీలకు 4 కిలోజౌళ్ళయినా రావు. 150 వాట్ల సైకిలు మీద ఇది 26 సెకన్ల పని! కాని తొడలు ఆ మాట ఒప్పుకుంటాయా? కండరం బలపడేది మోసిన జౌళ్ళను బట్టి కాదు, తట్టుకున్న బిగువును బట్టి. పైగా కిందికి దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకు వేస్తుంది. మర్నాడు వచ్చే నొప్పులు చాలా వరకు ఈ బ్రేకు పని వల్లనే. దండీలలో ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. మోకాళ్ళు నేలకు ఆనిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. జేబులోని ఫోనుకు ఈ రెండిటికీ తేడా తెలియదు. రెండూ దానికి 'పది దండీలు'.

అన్నిటికన్నా తమాషా యోగాసనాలది. ఒక మోకాలు వంచి, చేతులు చాచి వీరభద్రాసనంలో కదలకుండా నిలబడ్డారు. పని అంటే బలం, స్థానభ్రంశాల లబ్ధం. స్థానభ్రంశం సున్న, కనుక పని సున్న. మరి తొడ వణుకుతున్నదెందుకు? బస్తా మోసే బల్ల అలసిపోదు, మనిషి ఎందుకు అలసిపోతాడు? కండరంలో ఏక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ల సన్నని పోగులు ఉంటాయి. మయోసిన్ తలలు ఏక్టిన్‌ను పట్టుకుని, లాగి, వదిలి, మళ్ళీ పట్టుకుంటాయి. తాడులాగే పోటీలో ఇరుపక్షాలూ సమానమైతే తాడు కదలదు, కాని లాగేవాళ్ళ చేతులు మారుతూనే ఉంటాయి గదా, అలాగన్న మాట. ప్రతి పట్టుకూ ఏటీపీ అనే ఇంధనపు అణువు ఒకటి ఖర్చవుతుంది. ఆ శక్తి వేడిగా మారుతుంది. కండరంలో పుట్టే ఈ వేడిని పరిశోధించినందుకే ఎ. వి. హిల్‌కు 1922 నోబెల్ బహుమతి ఇచ్చారు.

కాబట్టి పని సున్న అయినా ఖర్చు సున్న కాదు. దీన్ని యాప్ ఎలా పట్టుకుంటుంది? పట్టుకోదు! ఊరక కూర్చుంటే కిలో బరువుకు గంటకు ఒక కిలోకేలరీ చొప్పున ఖర్చని, యోగాకు అందుకు రెండున్నర రెట్లని ఒక సగటు పట్టిక ఉంది. చాలా యాప్‌లు అలాంటి పట్టికనే చూసి హెచ్చవేస్తాయి. 60 కిలోలు, అరగంట, రెండున్నర రెట్లు: 75 కిలోకేలరీలు. అరగంటా వీరభద్రాసనంలో వణికినా 75, శవాసనంలో గుర్రుపెట్టినా 75.

కెమెరాతో భంగిమను చూసే యాప్‌లు కొంత నయం. అవి భుజం, మోచెయ్యి, మోకాలు వంటి చోట్ల చుక్కలు గుర్తించి కోణాలు చూస్తాయి. వృక్షాసనంలో పాదాన్ని మోకాలి కీలు మీద ఆనించకూడదని, పైన తొడకో కింద పిక్కకో ఆనించాలని గురువులు చెబుతారు. చుక్కలను బట్టి కెమెరా ఆ తప్పును పట్టవచ్చు. ఊపిరి బిగబట్టారా, ఎక్కడ నొప్పి పుడుతోంది అన్నవి చుక్కల్లో ఉండవు. మొదట కొన్నాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని, తరువాత యాప్ పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం.

ట్రైనరు లేకపోయినా మీ వాట్లు మీరే కొలుచుకోవచ్చు. ఒక మెట్టు ఎత్తు కొలిచి, మెట్ల సంఖ్యతో హెచ్చించండి. 15 సెంటీమీటర్ల మెట్లు 20 అయితే 3 మీటర్లు. గోడ పక్కగా, పరుగెత్తకుండా, చురుగ్గా ఎక్కుతుంటే స్నేహితుణ్ణి గడియారం చూడమనండి. 48 కిలోలవారు 12 సెకన్లలో ఎక్కితే సుమారు 118 వాట్లు. తరువాత నెమ్మదిగా దిగి రండి. దిగేటప్పుడు మీ కాళ్ళు చేసిన పని ఎంతో అదే సూత్రంతో కట్టి చూడండి. జవాబు ముందు ఏ గుర్తు వచ్చిందో, దాన్ని గురించి మీ తొడలు ఏమంటున్నాయో రెండూ నోటుపుస్తకంలో రాసుకోండి.