మనుష్య ఋణము - విశ్వవిద్యాలయ ధర్మము

విశ్వవిద్యాలయము సమాజమునకు చేయునది దానమా, ఋణవిమోచనమా? తైత్తిరీయ సంహిత ఋషి, దేవ, పితృ ఋణములు మూడింటినే చెప్పగా, శతపథ బ్రాహ్మణము మనుష్య ఋణమును నాల్గవదిగా చేర్చినది. ప్రస్తుత విచారమునకు ఇదియే ఆధారము.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటములలో ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనములును చేరినవి. శిలలు గ్రామములవి, వాటి వివరణము మాత్రము ఆంగ్లమున గ్రంథాలయములకు చేరినది. శతాబ్దము గడచినను ఈ బాకీ తీరలేదు. 2008లో నెల్లూరున విక్రమసింహపురి విశ్వవిద్యాలయము వెలసినది. 2014లో ఆరంభమైన ఉన్నత్ భారత్ అభియాన్ విద్యాసంస్థలను గ్రామములను దత్తత గొనుమన్నది. మాట ఇంపైనదే గాని, అప్పు పడినవాడు అప్పిచ్చినవానిని దత్తత గొనుట వింత!

శాసనపాఠమును పరిష్కరించి, తేటతెలుగున వ్రాసి, ఆ శిల యున్న ఊరిలోనే చదివి వినిపించుట ప్రాచ్యకళాశాలలకు సాధ్యమైన పని. ఆ శిల యింకను నిలిచియున్నదో లేదో ముందుగా చూచి రావలెను.