గీసేవాడికి చెట్టు ఏదీ?

రాజాం నుంచి పాలకొండ వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి, పొలం గట్ల మీదుగా ఓ మైలు నడిస్తే ఆ ఊరు వస్తుంది. మేము వెళ్ళేసరికి పొద్దు ఇంకా పొడవలేదు. మంచు పట్టిన గట్టు మీద ఓ ముసలాయన కుండలు కడుగుతూ కనిపించాడు. నడుముకు మోకు, మొలకు కత్తి. వయసు డెబ్బై దాటింది. "ఈ వయసులో ఇంకా ఎక్కుతున్నావా తాతా?" అని అడిగాం.

"ఎక్కకపోతే ఎవులెడతారు బాబూ? మా ముత్తాత ఎక్కినాడు, మా తాత ఎక్కినాడు, మా అయ్య ఎక్కినాడు, నాను ఎక్కుతున్నాను. నా కొడుకూ ఎక్కినాడు, పడ్డాడు. మనవడు ఇశాపట్నం ఎల్లిపోనాడు" అన్నాడాయన.

అయిదు తరాలు. లెక్క వేస్తే నూట ఇరవై, నూట ముప్పయి ఏళ్ళు. ఇంతకాలం ఒకే వృత్తిలో ఉన్న కుటుంబానికి ఈ రోజున ఏముంది? నాలుగు సెంట్ల ఇల్లు, రెండు మోకులు, మూడు కత్తులు, పది పన్నెండు కుండలు. తాను గీసే చెట్లలో ఒక్కటీ తనది కాదు.

ఈ మాట విన్నప్పుడు మాకు దూరదేశపు సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. ఫ్రాన్సు దేశంలో అల్సేస్ అనే ప్రాంతం ఉంది. అక్కడ రిక్విర్ అనే చిన్న ఊళ్ళో హ్యూగెల్ అనే కుటుంబం 1639 నుంచి ద్రాక్షసారా తయారు చేస్తోంది. పన్నెండు తరాలకు పైగా అదే పని. ఆ కుటుంబం పేరు సీసా మీద అచ్చవుతుంది. తోట వాళ్ళది, పీపా వాళ్ళది, పేరు వాళ్ళది. తాత పేరు చెప్పుకుని మనవడు సరుకు అమ్ముకుంటాడు. మన తాత పేరు ఏ కుండ మీద ఉంది?

ఫ్రెంచి వాళ్ళు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. ఆ రోజున తాండ్ర పాపారాయుడు ఉన్నది ఈ రాజాంలోనే. ఆ యుద్ధం గురించి కథలు చెప్పుకుంటాం, బుర్రకథలు వింటాం. కాని ఆ దేశంలో కష్టజీవులు నడిపిన పోరాటం గురించి మనకు ఎవరూ చెప్పలేదు. దాని సంగతికి తర్వాత వద్దాం.

పని ఎట్లా సాగుతుంది?

తాడిచెట్టు కాపుకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. కాపుకు వచ్చిన తర్వాత నూరేళ్ళు దాటినా నిలబడుతుంది. పోతుతాడికి గొలుసులు, పెంటితాడికి గెలలు వస్తాయి. వాటిని మెత్తగా నొక్కి, కట్టి, కొసను పలచగా చెక్కి కుండ తగిలిస్తారు. ఉదయం, సాయంత్రం ఎక్కాలి. చెక్కు మందమైతే గెల పాడవుతుంది. పలచనైతే కల్లు కారదు. ఒక్క పూట మానేస్తే గెల ఎండిపోతుంది. పండగ లేదు, పబ్బం లేదు, జ్వరమొచ్చినా ఎక్కాల్సిందే.

ద్రాక్షసారా ఏళ్ళ తరబడి దాచుకుంటే ధర పెరుగుతుంది. కల్లు అట్లా కాదు. చెట్టు దిగిన గంటల్లోనే పులియడం మొదలవుతుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. అందుకే గీతకార్మికుడికి బేరమాడే వీలు లేదు. ఆ పూటకు ఎంత ఇస్తే అంతకు అమ్ముకోవాలి. కుండ లోపల సున్నం రాస్తే పులియకుండా నీరా దొరుకుతుంది. దాన్ని కాస్తే తాటిబెల్లం అవుతుంది. కాని కాచడానికి పొయ్యి, పొయ్యిలోకి కట్టెలు, అమ్మడానికి బజారు ఎవరిస్తారు?

"కల్లొక్కటేనా బాబూ" అంది తాత భార్య, గుమ్మంలో తాటాకు చీలుస్తూ. "ముంజలు, తాటిపళ్ళు, తేగలు, ఇంటి మీదకి కమ్మ, పొయ్యిలోకి మట్ట. ఈ సెట్టు నేకపోతే మాం నేము." ఆ ఇంట్లో తేగలు పాతరవేసి, తవ్వి, ఉడకబెట్టి రాజాం బజారుకు మోసేది ఆవిడే. గీత వృత్తి అంటే మగవాడి పని అనుకుంటాం. సగం సంసారం నడిపేది ఆడవాళ్ళ రెక్కలే.

సర్కారు కన్ను

చెట్టు ఎక్కేవాడి మీద సర్కారు కన్ను ఈనాటిది కాదు. తెల్లదొరలు 1886లో మద్రాసు అబ్కారీ చట్టం తెచ్చారు. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. పాట పాడుకున్న కంట్రాక్టరు ఆస్తి కూడబెట్టుకున్నాడు, చెట్టెక్కినవాడు కూలివాడైపోయాడు. 1937లో మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధ చట్టం వచ్చింది. ముందు సేలం జిల్లాలో మొదలై, 1948 నాటికి రాష్ట్రమంతా అమలైంది. తాగుడు పోవాలన్న కోరిక మంచిదే. కాని లక్షల మంది గీతకార్మికులకు బదులు పని ఏదీ చూపించలేదు. పెద్దల ఇళ్ళలోకి సీసాలు వస్తూనే ఉన్నాయి, జైలుకు పోయింది మాత్రం మోకు కట్టినవాడు.

"మా అయ్యను రెండుసార్లు అట్టుకెల్లినారు. కుండ పగలగొట్టినారు. నాను అప్పటికి గుంటడిని" అన్నాడు తాత. "లచ్చన్నగారు వచ్చినారంటే మా అయ్య పన్నెండు కోసులు నడిసి ఎల్లినాడంట."

బారువలో 1909లో గీత కులంలోనే పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న గీతకార్మికుల తరఫున నిలబడ్డారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్యనిషేధాన్ని పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చేయలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం మీద ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. గీతకార్మికుడి మోకుకు ఒక మంత్రివర్గాన్ని దించే బలం ఉందని ఆ రోజున రుజువైంది. ఆ సంగతి మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

తర్వాత 1968 ఎక్సైజు చట్టం వచ్చింది. మళ్ళీ పాటలు, మళ్ళీ కంట్రాక్టర్లు. గీత సహకార సంఘాలు, 'గీసేవాడికే చెట్టు' లైసెన్సులు పోరాడి తెచ్చుకున్నవే. 2022లో రాష్ట్ర ప్రభుత్వం, చెట్టు మీద నుంచి పడి చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచుతున్నామని ప్రకటించింది. చావుకు వెల కట్టారు, సంతోషం. బతికి పడి ఉన్నవాడి సంగతేమిటి?

తాత కొడుకు రెండేళ్ళ కిందట చెట్టు మీద నుంచి పడ్డాడు. వాన తడికి మట్ట జారింది. నడుము విరిగింది. ప్రాణం పోలేదు, కాని కాళ్ళు పనిచేయవు. సాయం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. లైసెన్సు తండ్రి పేర ఉంది, పడ్డవాడు కొడుకు. "మీ పేరు లిస్టులో లేదు" అన్నారట. అయిదు తరాలుగా ఎక్కుతున్న కుటుంబానికి తాము గీతకార్మికులమని రుజువు చేసుకోమన్నారు! మంచం మీద పడుకున్న ఆ కొడుకు మాతో ఒక్క మాటే అన్నాడు: "మా అయ్యను ఎక్కొద్దని సెప్పండి బాబూ. నా మాట ఇనడు."

చెట్టు ఎవరిది?

చెట్టు రైతు గట్టు మీద ఉంటుంది. సీజనుకు చెట్టుకింత అని రైతుకు కట్టాలి. తాత చిన్నప్పుడు ఆ ఊరి గట్ల మీద రెండొందల చెట్లుండేవట. ఇప్పుడు నలభై మిగిలాయి. ఇటుకబట్టీలకు కొన్ని పోయాయి. 2014 హుద్‌హుద్‌కు, 2018 తిత్లీకి కొన్ని ఒరిగాయి. మిగతావి ప్లాట్ల కోసం నరికేశారు. గట్టు అమ్ముడుపోతే చెట్టుకు పైసా విలువ లేదు. ఈ సంక్రాంతి తర్వాత మరో పదిహేను చెట్లున్న చేను లేఅవుటు కాబోతోందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నరకడానికి ఒక్క పూట చాలు. మళ్ళీ ఎదగాలంటే ఒక తరం కావాలి.

ఇక్కడ చిన్నరైతును శత్రువుగా చూడడం తప్పు. రెండెకరాల రైతు గిట్టుబాటు ధర లేక, అప్పు తీర్చలేక చేను అమ్ముతున్నాడు. వాడికి గిట్టుబాటైతే గట్టు మిగులుతుంది, గట్టు మిగిలితే చెట్టు మిగులుతుంది. రైతు, గీతకార్మికుడు, వ్యవసాయకూలీ, ముగ్గురి బాధకూ మూలం ఒక్కటే.

ఇక ఫ్రాన్సు సంగతి. 1907లో దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్ ప్రాంతంలో ద్రాక్షరైతులు రోడ్డెక్కారు. పెద్ద వర్తకులు పంచదార కలిపి కల్తీసారా చేసి అమ్మడంతో అసలు సరుకు ధర పడిపోయింది. మార్చి 11న 87 మంది రైతులతో మొదలైన ఊరేగింపు, జూన్ 9 నాటికి మాంట్‌పెలియే పట్టణంలో అయిదు లక్షల మంది సభగా పెరిగింది. నార్బాన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. అప్పుడు రైతుబిడ్డలే ఎక్కువగా ఉన్న 17వ పటాలం సైనికులు తమ వాళ్ళ మీద తుపాకీ ఎత్తబోమని తిరగబడ్డారు. జూన్ 29న ప్రభుత్వం దిగొచ్చి కల్తీని అరికట్టే చట్టం చేసింది. 1935లో ఊరి పేరుకు, సరుకుకు చట్టరక్షణ వచ్చింది. సీసా మీద ఈ రోజున కనబడే ఊరి పేరు వెనుక ఇంత నెత్తురుంది.

అంతమాత్రాన అక్కడ అంతా బాగుందని కాదు. తోట ఉన్నవాడికే ఆ రక్షణ. గెలలు కోసే కూలీకి ఏముంది? 2023లో షాంపేన్ ప్రాంతంలో కోతలకు తెచ్చిన ఆఫ్రికా వలసకూలీలను మురికి కొంపల్లో కుక్కారు. ఆ కోతల్లోనే ఎండల్లో పనిచేస్తూ కొందరు కూలీలు ప్రాణాలు విడిచారు. కూలీలను తెచ్చినవాళ్ళకు 2025లో కోర్టు జైలుశిక్ష వేసింది. రాజాం నుంచి విశాఖకు, హైదరాబాదుకు పోయి రేకుల షెడ్లలో బతికే మన పిల్లలకు ఈ కథ కొత్తగా ఉండదు.

ఏం చేయాలి?

తాగుడును మేము పొగడడం లేదు. సారా ఎన్ని సంసారాలను కాల్చిందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లోకానికి చాటారు. వాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతోనే 1993లో సారా ఆగింది. కల్లులో మత్తుమందులు కలిపి అమ్మేవాడు కూలీ ప్రాణం తీస్తున్నాడు, నిజమైన గీతకార్మికుడి నోటి కూడూ తీస్తున్నాడు. వాణ్ణి పట్టుకోవాల్సిందే. కాని కల్తీ పేరు చెప్పి చెట్టెక్కేవాణ్ణి వేధించడం న్యాయం కాదు.

దారులు లేక కాదు. కేరళలో 1969లోనే కల్లు కార్మికుల సంక్షేమనిధి చట్టం చేశారు. తమిళనాడు 2021లో, కలెక్టరు అనుమతి లేకుండా తాడిచెట్టు నరకరాదని ప్రకటించింది. గోవాలో జీడిమామిడి ఫెనీకి 2009లో ఊరి పేరు హక్కు దొరికింది. మన తూర్పు మన్యంలో పందిరిమామిడి పరిశోధనా కేంద్రం నీరా, తాటిబెల్లం మీద పనిచేస్తోంది. ఆ తెలివి రాజాం గట్టు దాకా రావాలి.

అందుకే సంఘం ఈ కోర్కెలు పెట్టాలి. చెట్టెక్కే ప్రతి మనిషి పేరా గుర్తింపు కార్డు ఉండాలి. పడి కాళ్ళు పోయినవాడికీ చనిపోయినవాడికి ఇచ్చినంతా ఇవ్వాలి. అనుమతి లేకుండా తాడిచెట్టు నరకడం ఆగాలి. చెరువుగట్ల మీద, బంజర్లలో సంఘం పేర తాటితోపులు నాటాలి. నీరాకు, బెల్లానికి సహకార కేంద్రాలు పెట్టాలి.

దున్నేవాడికే భూమి అన్నాం. గీసేవాడికే చెట్టు అనడానికి ఇంకా ఎందుకు ఆలస్యం?

మేము తిరిగి వస్తుంటే తాత రెండో చెట్టు ఎక్కుతున్నాడు. సగం దూరం ఎక్కి, మోకుకు ఒరిగి ఒక్క నిమిషం ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ ఎక్కాడు. కింద మంచం మీద నుంచి కొడుకు చూస్తూనే ఉన్నాడు.