బెనె ఎఫ్రాయిమ్

బెనె ఎఫ్రాయిమ్ లేదా తెలుగు యూదులు కృష్ణా డెల్టా ప్రాంతమునకు చెందిన ఒక చిన్న సమాజము. వీరు ప్రధానంగా గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున గల కొత్తరెడ్డిపాలెంలోను, కృష్ణా జిల్లా మచిలీపట్నంలోను నివసిస్తున్నారు. వీరి మాతృభాష తెలుగు. హీబ్రూ వీరు నేర్చుకొన్న భాష.

చరిత్ర

ఈ కుటుంబములు మాదిగ కులమునకు చెందినవి. వీరి పూర్వీకులు 19వ శతాబ్దంలో బాప్టిస్టు క్రైస్తవమును స్వీకరించారు. 1980వ దశకంలో శ్మూయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అను సోదరుల నాయకత్వంలో వీరు యూదు ఆచారములను చేపట్టారు. తాము ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిము గోత్రము వారమని వీరి విశ్వాసము. దీనిని నిరూపించు చారిత్రక ఆధారములు లభించలేదు.

హీబ్రూ భాష

పెద్దలు ప్రార్థనల కొరకు హీబ్రూ నేర్చుకొని, సమాజమందిరంలో పిల్లలకు నేర్పారు. అయినను ఇంటిలో వాడుక తెలుగే. నేర్చుకొని మాట్లాడుట హీబ్రూకు కొత్త కాదు. శతాబ్దాల పాటు ఎవరికీ మాతృభాషగా లేని ఈ భాషను ఎలియెజెర్ బెన్ యెహూదా 1881లో పాలస్తీనా చేరి తన ఇంటి భాషగా చేసుకొన్నాడు. అట్లు నేర్చుకొన్నవారి పిల్లలకే అది తిరిగి మాతృభాష అయినది.

గుర్తింపు, చిత్రణ

మణిపూర్, మిజోరంలకు చెందిన బ్నెయ్ మెనాషే సమాజమును ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలలో ఒకరు 2005లో ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. బెనె ఎఫ్రాయిముకు అట్టి గుర్తింపు లభించలేదు. మానవశాస్త్రజ్ఞులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై ఒక గ్రంథము ప్రచురించారు. వీరు నిజముగా యూదులా అను ప్రశ్నను తేల్చుటకు బదులు, కులవివక్షను ఎరిగిన కుటుంబములకు ఈ భాష, ఈ ఆచారము ఎందుకు ముఖ్యమో అందులో పరిశీలించారు.