వెబ్‌సైటునకు వంతుల కట్టుబాటు



చెఱువు తూము వద్ద నీటివంతులు ఏల యేర్పడినవో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఉన్న నీరు మితము, కోరువారు పెక్కండ్రు. ఒక్కఁడే రేయింబవళ్లు తూమెత్తి తన పొలమునకు మళ్లించుకొనినచో చివరి ఆయకట్టు ఎండిపోవును. నేఁడు ఇంటర్నెట్టునందలి వెబ్‌సైటులకును ఇట్టి యాపదయే వచ్చినది.

వెబ్‌సైటనఁగా సర్వరు అను యంత్రమునందు దాఁచిన పుటల సముదాయము. మనము సెల్‌ఫోనులో నొక పుటను కోరినపుడెల్ల ఆ యంత్రము దానిని వెదకి పంపవలెను. మనుష్యుఁడు ఒక పుట చదివి, ఆలోచించి, మఱియొకటి కోరును. తమంతట తాము తిరుగు క్రాలర్లు, బాట్లు అను ప్రోగ్రాములట్లు గాక, క్షణములో వందల పుటలు కోరఁగలవు. వీనిలో సెర్చి ఇంజనులవి మనకు ఉపకారులే. అవి పుటల జాడ వ్రాసికొననిచో మనము వెదకినది దొరకదు. కృత్రిమ మేధకు భాష నేర్పుటకై పుటలను మూటగట్టుకొని పోవు బాట్లు మాత్రము ఇటీవల మిక్కిలి హెచ్చినవి.

2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను తన సర్వర్లయందు నిలిపియున్న వికీమీడియా ఫౌండేషను 2025 ఏప్రిలులో ఒక లెక్క ప్రకటించినది. పుటల వీక్షణలలో బాట్ల వంతు సుమారు 35 శాతము; అత్యధిక వ్యయము కలిగించు కోరికలలో మాత్రము 65 శాతము. కారణమేమనఁగా, జనులు తఱచు చదువు పుటల ప్రతులు పాఠకులకు సమీపమునందలి సర్వర్లలో సిద్ధముగా నుండును. బాట్లు ఎవ్వరును తెఱవని మాఱుమూల పుటలను గూడ తోడును. వానిని ప్రధాన కేంద్రము నుండియే తేవలసివచ్చును. విరాళములపై నడచు సంస్థకు ఇది చిన్న భారము కాదు.

నివారణోపాయములు నాలుగు గలవు. మొదటిది, ‘రోబోట్స్ టెక్స్ట్’ అను ప్రకటన. ఏ పుటలలోనికి బాట్లు రారాదో అందు వ్రాయుదురు. దీనిని 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించెను. 2022లో నిది ప్రమాణముగా లిఖింపఁబడెను. అయినను ఇది గోడపై వ్రాఁత వంటిదే. మర్యాద గలవారు పాటింతురు, లేనివారు దాఁటిపోవుదురు. రెండవది, మితి. ఒక చిరునామా నుండి కోరికలు మితిమీఱినచో సర్వరు 429 అను సంఖ్యతో ‘కొంత తాళుము’ అని బదులు చెప్పును. మూఁడవది, పుటల ప్రతులను ముందే సిద్ధపఱచుట. నాల్గవది, వచ్చిన యంత్రముచేత చిన్న లెక్క చేయించుట; ఒక పుట కోరువానికి అది స్వల్పము, లక్షలు కోరువానికి భారము.

అయినను ఒక జాగ్రత్త వలయును. సెల్‌ఫోను వాడువారు వందలమంది ఒకే చిరునామా వెనుక నుండవచ్చును. మితి మిక్కిలి బిగించినచో దొంగతోపాటు పాఠకుఁడును గుమ్మము వద్దనే నిలిచిపోవును. పాత ఫోనున్న పేదవానికి ఆ లెక్కయే అడ్డగోడ యగును. కావున మీ గ్రామ పాఠశాలకో, గ్రంథాలయమునకో వెబ్‌సైటు నిర్మించువారిని ఈ నాలుగు ఏర్పాట్లను గూర్చి యడుగుఁడు. ఎవరెన్ని పుటలు కోరిరో సర్వరు వ్రాసిపెట్టు చిట్టాను నెలకొకసారి చూపుమనుఁడు. తూము మూసివేయుట మన యుద్దేశము కాదు. చివరి పొలమునకును నీరందవలెను.